రెండవ బిడ్డ పేరు

మా తమ్మునికి పెద్దకూతురు పుట్టినప్పుడు రుద్రమ యని పేరు పెట్టితిమి. ఆ పేరు విని నవ్వనివారు మా బంధువులలో తక్కువ. ఆడపిల్లకు మెత్తని పేరే దొరకలేదా యని కొందరు, ఉయ్యాలలో కత్తి కూడ పెట్టెదరా యని కొందరు పరిహసించిరి. ఏడేండ్లు గడచినవి. ఇప్పుడా పేరు వీధివారి నోళ్ల కలవాటైనది. నిరుడు రెండవ కూతురు కలిగినది. బారసాలనాడు పళ్లెములోని బియ్యముపై ఉంగరముతో ఒక నక్షత్రనామము వ్రాసిరి గాని ఆ పేరుతో ఆ బిడ్డను పిలిచినవారొక్కరును లేరు. పదునొకండవ నెల నడచుచున్నది. ఇంటిలో అందరికిని ఆమె 'చిన్నది'.

1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము ననుసరించి పేరు లేకుండగనే బిడ్డ పుట్టుకను వ్రాయింపవచ్చును. పండ్రెండు నెలలలోపల పేరు చెప్పినచో రుసుము లేకుండ చేర్చుకొందురు. ఆపైన రుసుము కట్టి పదునైదేండ్లవరకును చేర్పింపవచ్చును. కావున చట్టము మాకు తొందరయేమియు పెట్టలేదు. తొందర పెట్టినది మా మనస్సు. పెద్దపిల్ల పేరునకై మూడు నెలలు పుస్తకములు తిరుగవేసిన యింటిలో చిన్నపిల్ల పేరుగడి పదునొకండు నెలలు వట్టిదిగా నుండుట మాకు సరిపడలేదు.

ఆలస్యమునకు కారణము లేకపోలేదు. అక్క పేరువలె చెల్లెలి పేరును అపూర్వముగా నుండవలెనని మా తమ్ముని పట్టుదల. రెండు పేళ్లును కలిపి పిలిచినప్పుడు చెవికి ఇంపుగా నుండవలెనని మా మరదలి కోరిక. మా తల్లిగారు మాత్రము, "మొదటిదానితో ముచ్చట తీరినది గదా! దీనికేదో యొకటి పెట్టి, పిలువుడు" అనిరి. ఆ మాటలో ఆమె పైకి చెప్పని మాట యొకటి యున్నదని మాకు తోచినది. రెండవదియు ఆడపిల్లయే. సంస్కృతము చదువుకొన్న వారమగుటచే తగవు తీర్చుపని మా మీద పడినది. మేము నిఘంటువు తెరచుటకు మారుగా చరిత్ర తెరచితిమి. అందు కనబడినదే ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా జ్యోతిశ్శాస్త్రపు మాట. ఇరువదియేడు నక్షత్రములు, నక్షత్రమునకు నాలుగు పాదములు, వెరసి నూట యెనిమిది అక్షరములు. అశ్వినికి చూ చే చో లా యని మొదలుపెట్టి పంచాంగములలో అచ్చువేయుదురు. ఆర్ద్ర మూడవ పాదమున పుట్టినవానికి 'ఙ' యును, హస్త మూడవ పాదమున పుట్టినవానికి 'ణ' యును వచ్చును. ఆ యక్షరములతో మొదలగు మాట సంస్కృతములో గాని తెనుగులో గాని వాడుకలో లేదు. అందుచేతనే పెద్దలు నక్షత్రనామమును బియ్యములో వ్రాసి వదలి, పిలుచుటకు వేరొక పేరు పెట్టుకొనుచు వచ్చిరి. ఈ పట్టిక ప్రతి బిడ్డను ఆకాశముతో ముడిపెట్టునే కాని, బిడ్డకు బిడ్డతో ముడిపెట్టదు. ఒకే తల్లికి పుట్టిన యిద్దరి పేళ్లను కలుపుపని దానిది కాదు.

గృహ్యసూత్రకారులును తోబుట్టువుల సంగతి తలపెట్టలేదు. మగపిల్లవాని పేరున సరిసంఖ్యగల అక్షరములును, ఆడపిల్ల పేరున బేసిసంఖ్యగల అక్షరములును ఉండవలెననియు, పేరు ఘోషాక్షరముతో మొదలై నడుమ య-ర-ల-వలలో నొకటి కలిగియుండవలెననియు ఆశ్వలాయనుడు చెప్పెను. ప్రతిష్ఠ కోరువానికి రెండక్షరములు, బ్రహ్మవర్చస్సు కోరువానికి నాలుగు. పతంజలి మహాభాష్యపు మొదటి ఆహ్నికములోనే, వ్యాకరణ మెందులకు చదువవలెనని చెప్పుచు, కొడుకునకు పేరు పెట్టుటకైనను చదువవలెనను ప్రయోజనమును చేర్చెను. ఆ పేరు తండ్రివైపు మూడు తరముల నంటియుండవలెను, శత్రువులలో నెవ్వరికిని ఉండరాదు, కృదంతము కావలెను, తద్ధితము కారాదు. వ్యాకరణపు పరీక్షలో ఉత్తీర్ణత పొందని శిశువునకు ఆనాడు పేరే లేదన్నమాట! నియమములు గొప్పవి, పాటించినవారెవ్వరు? దశరథుని నలుగురు కుమారులలో రాముడొక్కడే సరి అక్షరములవాడు. భరత, లక్ష్మణ, శత్రుఘ్న నామములు మూడును మూడేసి అక్షరములవి.

వ్యాకరణములో తోబుట్టువుల మాట ఒక్కచోట వచ్చును. ద్వంద్వసమాసమున తక్కువ అచ్చులుగల పదము ముందుండవలెనని పాణిని సూత్రము. అన్నదమ్ముల పేళ్లైనచో అచ్చుల లెక్క విడిచి అన్న పేరే ముందు నిలుపవలెనని దానిపై వార్తికము. అర్జున శబ్దము పొట్టిదైనను యుధిష్ఠిరార్జునులనియే యనవలెను. తమ్ముని పేరెంత చక్కగా కుదిరినను సమాసములో వాని చోటు రెండవదియే. మేము పిల్లలకీ వార్తికము చెప్పినప్పుడెల్ల తరగతిలో తమ్ములైనవారు ముఖము చిన్నబుచ్చుకొందురు.

వారికి ఊరటగా లవకుశుల నుదాహరింతుము. ఉత్తరకాండలో కవలలు పుట్టగనే వాల్మీకి దర్భపిడికెడు తెచ్చి, కుశలతో తుడువబడిన పెద్దవాడు కుశుడనియు, దాని తునకయగు లవముతో తుడువబడిన చిన్నవాడు లవుడనియు పేళ్లు పెట్టెను. ఈ రెండు పేళ్లకు శబ్దసామ్యము లేదు, ప్రాస లేదు. ఉన్నదెల్ల ఒకే గడ్డిదుబ్బు. తోబుట్టువుల పేళ్లను జతపరచుటకు ఇంతకంటె చక్కని మార్గము మాకు కనబడలేదు. సంస్కృతమున వారు కుశీలవులు. మన జనులు మాత్రము వరుస మార్చి లవకుశులనిరి. లవుడు కనబడకపోగా ఋషి దర్భతో కుశుని సృజించెనను కథయు ప్రచారములోనికి వచ్చి, చిన్నవాడు పెద్దవాడైనాడు. 1934లోను, మరల 1963లోను తెలుగువారు తీసిన చలనచిత్రమునకు సైతము లవకుశ యనియే పేరు. వార్తిక మోడినది, నాలుక గెలిచినది.

శబ్దముతో జతపరచిన కుటుంబమును భారతములోనే యున్నది. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుస్సహుడు, వారి చెల్లెలు దుశ్శల — ఒక ఉపసర్గ ఇంటినిండ పరచుకొన్నది. కాశిరాజు కుమార్తెలు మువ్వురు అంబ, అంబిక, అంబాలిక. ఒక్క 'అమ్మ' యను మాటనే సాగదీసి మువ్వురకు పంచిరి. ఈ మూడు సంబోధనలును యజుర్వేదములోని అశ్వమేధ ప్రకరణమున ముందే కలవు. పేళ్లొక్కటియైనను బ్రతుకు లొక్కటి కాలేదు. ఒకతె పగబట్టి ప్రాణములు విడిచినది. తక్కిన యిద్దరును ఒకని పెండ్లాడి ఏడేండ్లకే విధవలైరి.

కావ్యములు విడిచి శాసనములకు వత్తము. స్థాణ్వీశ్వరపు రాజులలో పతంజలి చెప్పిన మూడు తరముల నియమము కంటికి కనబడుచున్నది. ప్రభాకరవర్ధనుని తాత రాజ్యవర్ధనుడు, తండ్రి ఆదిత్యవర్ధనుడు. ఆదిత్యుడు, ప్రభాకరుడు — తండ్రికొడుకు లిద్దరివియు సూర్యుని పేళ్లే; సూర్యభక్తులని వారి శాసనములు చెప్పుచున్నవి. ప్రభాకరవర్ధనుడు తన పెద్దకొడుకునకు తాత పేరు మరల పెట్టెను. రెండవవాడు హర్షవర్ధనుడు. కూతురు రాజ్యశ్రీ. అన్న పేరులోని మొదటి సగమును చెల్లెలి కిచ్చి, వంశమున వచ్చుచున్న 'వర్ధన' శబ్దమును మాత్రమామె కీయలేదు. వంశము పెంచువారు మగవారే యనుట గాబోలు! అయినను కథ ఎట్లు నడచినదో చూడుడు. రాజ్యవర్ధనుడు శత్రువుచేత చంపబడెను. రాజ్యశ్రీ భర్త గ్రహవర్మయు చంపబడగా, ఆమె వింధ్యాటవిలో అగ్నిప్రవేశమునకు సిద్ధపడియుండగా హర్షుడు వెదకి పట్టుకొని రక్షించెనని బాణుడు వ్రాసెను.

పేళ్లు కలియకుండుటలోను చరిత్ర కలదు. వేంగి చాళుక్యుడైన విమలాదిత్యుడు రాజరాజచోళుని కూతురగు కుందవను పెండ్లాడెను. (ఆ కుందవ పేరును ఆమె మేనత్తది, రాజరాజు తన అక్క పేరు కూతునకు పెట్టుకొనెను.) వారికి పుట్టినవాడు రాజరాజనరేంద్రుడు, మన నన్నయభట్టారకుని ప్రభువు. అతనికి మాతామహుని పేరు వచ్చినది. విమలాదిత్యునకు మరియొక భార్యయందు కలిగిన కుమారుడు విజయాదిత్యుడు. ఇది వేంగిలో తరతరముల పేరు. ఒక యింట ఇద్దరన్నదమ్ములు, ఒకనికి తంజావూరి పేరు, ఒకనికి వేంగి పేరు. పేళ్లు వినినంతనే ఎవరి వెనుక ఎవరున్నారో తెలియుచున్నది. రాజరాజు 1022లో పట్టాభిషిక్తుడయ్యెను గాని విజయాదిత్యు డాతనిని నిలువనీయలేదు. 1061లో రాజరాజు చనిపోయిన పిమ్మట వేంగి విజయాదిత్యుని చేతికే వచ్చినది. రాజరాజు తన కుమారునకు తన మామయగు రాజేంద్రచోళుని పేరు పెట్టెను. ఆ రాజేంద్రుడే 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడయ్యెను. పేరు కలహమును పుట్టించెనని మేమనము. కలహము ముందు పుట్టినది. అది ఉయ్యాలలో పేరు రూపమున పండుకొన్నది.

రెడ్డిరాజులలో ప్రోలయ వేముని కుమారు లిద్దరు అనవోతుడు, అనవేముడు. ఇంగ్లండులో పశ్చిమ సాక్సనుల రాజులలో ఎథెల్బాల్డు, ఎథెల్బర్టు, ఎథెల్రెడ్డు అన్నదమ్ములై ఒకరివెనుక నొకరు సింహాసన మెక్కిరి. వారి సోదరి ఎథెల్స్విత్తు. 871లో రాజ్యమునకు వచ్చిన కడపటి తమ్ముడు ఆల్ఫ్రెడ్డు మాత్రము వేరు పూర్వపదము గలవాడు. ఎథెల్ అనగా ఉత్తముడు. ఆ నలుగురిలో లోకము జ్ఞప్తియం దుంచుకొన్నది ఉత్తమ శబ్దము లేనివానినే.

ఇంతవరకు రాజుల మాట. సామాన్య గృహములలో తోబుట్టువుల పేళ్లకు మన దేశమున వాడుకైన సూత్రము చాల తేలికైనది. మొదటిది పెద్ద, రెండవది చిన్న. పెదవెంకడు, చినవెంకడు, పెద్దమ్మి, చిన్నమ్మి. తాళ్లపాక వారిలో పెదతిరుమలాచార్యుడు, ఆయన కొడుకు చినతిరుమలాచార్యుడు. ఇది తండ్రికొడుకులకు చెల్లినది. రోములోను ఇట్లే యుండెను. అగస్టసు చక్రవర్తి అక్క లిద్దరి పేరును ఆక్టేవియాయే. ఒకతె పెద్ద ఆక్టేవియా, ఒకతె చిన్న ఆక్టేవియా. అక్కడ ఆడుబిడ్డకు సొంత పేరు లేదు, వంశనామమే స్త్రీలింగమైనది. మన పెద్ద-చిన్నలలో దోషమేమున్నదని అడుగవచ్చును. ముద్దుగా పిలిచినంతవరకు దోషములేదు. అదియే పేరై నిలిచిపోయినప్పుడు చిన్నది తన పుట్టుకవరుసను తప్ప మరి దేనిని తనదిగా చెప్పుకొనజాలదు.

మా పినతల్లి సంగతి చెప్పుటకు వెనుదీయము. మా తల్లిగారికి వారి నాయనమ్మ పేరు పెట్టిరి. తరువాత పుట్టిన మా పినతల్లిని చిన్నమ్మి యనిరి, తరువాత పెట్టుదమనుకొనిరి, ఆ తరువాత రాలేదు. బడిలో చిన్నమ్మి. పెండ్లి శుభలేఖలో మాత్రము మా తాతగారు ఒక చక్కని సంస్కృతనామము కల్పించి వ్రాయించిరి. పెండ్లినాటి సాయంకాలమునకే దాని నందరును మరచిరి. ఆమె భర్త పోయిన పిదప పింఛనునకై దరఖాస్తు పెట్టవలసివచ్చినది. ఒక కాగితమున చిన్నమ్మి, ఒక కాగితమున చిన్నమ్మాయి, మరియొక దాన చిన్నమ్మ. ముగ్గురును ఒక్కరేయని సాక్ష్యము తెమ్మనిరి. డెబ్బదియేండ్ల యామె కార్యాలయపు బల్లమీద కూర్చుండి, "బాబూ, అసలు నా పేరేమని వ్రాయింతువు?" అని మమ్మడిగినది. శుభలేఖ దొరుకునేమో యని పెట్టెలన్నియు వెదకితిమి, దొరకలేదు.

ఇది ఏమరుపాటు. ఇంతకంటె కఠినమైనదియు కలదు. బిడ్డలు దక్కని తల్లులు తరువాతి బిడ్డను పెంటపై పొరలించి పెంటయ్యయనియు, ఎంగిలాకుపై పొరలించి పుల్లయ్యయనియు పేరు పెట్టుట తెలుగునాట పాతవాడుక. అది మృత్యువును మోసగించుటకు పన్నిన పన్నాగము. పోయిన అన్నల జ్ఞాపకమే ఆ తమ్ముని పేరు. దాని వెనుక ప్రేమ యున్నది, భయమున్నది. దానిని మేము నిందింపజాలము. బెంగాలులో ఆన్నాకాళి యను పేరు కలదు. వరుసగా ఆడపిల్లలు పుట్టిన యింట, "ఇక వద్దు కాళీ!" యని దేవతకు పెట్టుకొన్న మొర ఆ బిడ్డకు పేరైనది. మహారాష్ట్రములో అక్కరలేనిది యను నర్థముగల నకుశా యను పేరు ఆడపిల్లలకు పెట్టుచుండిరి. 2011 అక్టోబరులో సతారా జిల్లాలో సభ చేసి 285 మంది బాలికలకు ఆ పేరు తీసివేసి వారు కోరిన పేళ్లు పెట్టిరి. 285 మందియు అక్కల వెనుక వచ్చిన చెల్లెండ్రే యైయుందురు. ఆ పేరు మొదటి బిడ్డకు పెట్టునది కాదు. బడిలో హాజరు పిలిచిన ప్రతి ఉదయమును నీవక్కరలేదని తన నోటితోనే ఒప్పుకొని 'ఉన్నాను' అని పలుకవలసి వచ్చిన పిల్లను తలచుకొనుడు. ఇరువదియేండ్లుగా హాజరుపట్టీ పిలుచుచున్న వారమగుటచే మాకు దాని బాధ కొంచెము తెలియును.

ఈ సంగతి మా తల్లిగారితో చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు.

ఇక అపూర్వమైన పేళ్లను అపూర్వమైన పేళ్లతో జతపరచుటలో తెలుగుదేశమున గోరాగారి కుటుంబమును మించినది లేదు. గోపరాజు రామచంద్రరావుగారు 1902లో పుట్టి 1975లో గతించిరి. తమ పేరును తాము గోరాయని కుదించుకొనిరి. ఆయనయు సరస్వతి గారును నాస్తికులు, కులమును విడిచినవారు, గాంధీగారితో వాదించినవారు. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రము నెలకొల్పి, 1947లో విజయవాడ పటమటకు మార్చిరి. ఆ దంపతులకు తొమ్మండుగురు సంతానము. మొదటి కూతురు మనోరమ. ఈ పేరులో వింత లేదు. రెండవవాడు 1930 అక్టోబరులో పుట్టెను. ఆ యేడు మార్చి, ఏప్రిలు నెలలలో గాంధీగారు దండి నడచి ఉప్పు తీసియుండిరి. బిడ్డకు లవణమని పేరు పెట్టిరి.

ఒక్కసారి లవణమని పెట్టిన తరువాత మూడవ బిడ్డకేమి పెట్టవలెను? ఇదియే మా తమ్మునికిని వచ్చిన చిక్కు. గోరాగారు ప్రాసకొరకు వెదకలేదు. మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు, నౌ — ఇవి తరువాతి పేళ్లు. సమరంగారు పుట్టినది 1939లో. రెండవ ప్రపంచయుద్ధము మొదలైనదియు నా యేడే. నౌ యనగా హిందీలో తొమ్మిది; తొమ్మిదవ బిడ్డ గనుక నౌ. ఈ పేళ్లను వరుసగా చదివిన ఒక దశాబ్దపు దినచర్య చదివినట్లుండును. చెవికి ఏ రెండును కలియవు. ఇంటిపేరు లేదు, దేవుడు లేడు, కులమును పట్టిచ్చు తోక లేదు. అయినను ఒక యింటి బిడ్డలని వినినంతనే తెలియును. కుశలవులకు గడ్డిదుబ్బువలె వీరికి కాలమే దుబ్బు.

ఆ పేళ్లు మోయుట పిల్లలకు సుకరమైయుండునా యని మేమాలోచించితిమి. ఉప్పుయను పేరుగల బాలుని తోడిబాలురు ఊరకుందురా? కాని లవణంగారు ఆ పేరుతోడనే పెద్దవారై, గుఱ్ఱం జాషువ మహాకవి కుమార్తె హేమలతగారిని 1960లో కులాంతర వివాహమాడి, ఆమెతో కూడి స్టూవర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబములనడుమ పనిచేసిరి. 2015లో చనిపోవునప్పటికి ఆ పేరు విని నవ్వువారు లేరు. సమరంగారు వైద్యులై పత్రికలలో ఆరోగ్యమునుగూర్చి వ్రాసి ఇంటింట తెలిసిన పేరైరి. వారికిని తమ్ములకును అక్కలకును సమానముగ వింతపేళ్లుండుట ఒక మేలు చేసియుండును. ఇంటిలో ఒక్కరికే వింత పేరైన ఆ బిడ్డ ఒంటరి. అందరికిని వింతయైనచో అది ఇంటి ఆచారము. ఇది మా యూహ మాత్రమే. అయినను తమ్ముని యింటి ముచ్చటకు ఇది మాకు పనికివచ్చినది. రుద్రమకు వింతపేరు పెట్టి చెల్లెలికి బజారున దొరకు పేరు పెట్టిన, అక్క ఒంటరిదగును, చెల్లెలు మిగులుదగును.

కావున అక్క పేరు ఏ దుబ్బునుండి కోసితిమో ఆ దుబ్బుకే పోవలెనని నిశ్చయించితిమి. అది కాకతీయుల యిల్లు. అచ్చటి పేళ్లు చూడుడు. రెండవ ప్రోలరాజు కుమారులలో రుద్రదేవుడు, మహాదేవుడు ఇద్దరును శివనామధారులు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు. పురాణములో వలెనే శాసనములోను! గణపతిదేవుని తోబుట్టువులు మైలమ, కుందమ. ఆయన కూతుండ్రు రుద్రమ, గణపమ. రుద్రమ కూతుండ్రలో ముమ్మడమ, రుయ్యమ. వరుసగా చదువుడు: మైలమ, కుందమ, రుద్రమ, గణపమ, ముమ్మడమ, రుయ్యమ. ప్రాసలేదు, తొలియక్షరమొక్కటి కాదు. తుదిని నిలిచిన 'అమ' యొక్కటియే వారినందరిని ఒక దండగా గ్రుచ్చుచున్నది. సంస్కృత శ్లోకములలో దానినే అంబ యని దిద్దిరి. మగపేరునకు తల్లి మాట చేర్చి ఆడుబిడ్డ కిచ్చుట తెనుగుల పాతపద్ధతి. మల్లయ్య-మల్లమ్మ, ఎల్లయ్య-ఎల్లమ్మ యని ఊరూర నేటికిని నడచుచున్నదియు నదియే.

ఆ యిద్దరు అక్కచెల్లెండ్ర పేళ్లలో మరియొక విశేషము కలదు. రుద్రమకు తండ్రి పెదతండ్రియైన రుద్రదేవుని పేరు, గణపమకు సాక్షాత్తు తండ్రి పేరు. కొడుకులు లేని గణపతిదేవుడు వంశమున కొడుకులకు పోవలసిన పేళ్లను ఇద్దరు కూతుండ్రకును పంచెను. ఒకతెకు హెచ్చుగాని ఒకతెకు తగ్గుగాని చేయలేదు. రుద్రమ శాసనములలో రుద్రదేవమహారాజైనది; 1289లో ఆమె మరణమును చందుపట్ల శాసనము తెలుపుచున్నది. గణపమను ధాన్యకటకపు కోటవంశీయుడైన బేతరాజున కిచ్చిరి. ఆయన చనిపోయిన పిమ్మట ఆమెయు రాజ్యపాలన చేసెను. భర్త పేర శివాలయము కట్టించెను. ఆమె శాసనము గుంటూరు సీమలోని యనమదలలో దొరకినది. అక్క ఏలిన ఓరుగల్లు అందరికిని తెలియును. చెల్లెలు ఏలిన కృష్ణాతీరము పాఠ్యపుస్తకములలో లేదు. మేమే ఎన్నియో యేండ్లు పిల్లలకు రుద్రమను బోధించి గణపమ పేరెత్తలేదు. ఈ లోపము మాదియే.

ఇంట ఈ పేళ్లు చదివి వినిపించితిమి. మైలమ యనగా మా మరదలు చెవులు మూసికొన్నది. మైలార దేవుని పేరు నుండి వచ్చినదని చెప్పినను, మైలయను మాటయే అందరకును వినబడుచున్నది. బయ్యారములో ఆమె త్రవ్వించిన చెరువున్నదనియు, దాని గట్టుమీది శాసనమే కాకతీయుల పూర్వుల చరిత్రకు ఆధారమనియు మేము వాదించితిమి. చెరువు మంచిదే, పేరు వలదనినది. కుందమ యనగా పెద్దపిల్లయే "కుండమ్మా?" యని నవ్వినది. దానితో అదియు పోయినది. గణపమ వద్ద ఎవ్వరును నవ్వలేదు. మా మరదలు అక్కచెల్లెండ్ర పేళ్లను రెండు మూడు విధముల కలిపి పలికి చూచుకొన్నది. ఆశ్వలాయనుని లెక్కకు నాలుగక్షరములు ఆడపిల్లకు పనికిరావని మేమొక చిక్కు చెప్పబోతిమి, ఎవ్వరును వినలేదు.

మా తల్లిగారు మాత్రము లేచి వచ్చి, "గణపమ ఎవరి చెల్లెలు?" అని యడిగిరి. చెప్పితిమి. "ఆమెకును రాజ్యముండెనా?" ఉండెనని చెప్పితిమి. "అటులైన వ్రాయింపుడు. ఆలస్యము చేయకుడు" అనిరి.

మరునాడు మా తమ్ముడు దరఖాస్తు నింపుచుండగా రుద్రమ ప్రక్కన కూర్చుండి తన పలకమీద చెల్లెలి పేరు వ్రాసి తెచ్చినది. 'గనపమ' యని యున్నది. ణకారము దిద్దించితిమి. దరఖాస్తులోను నకారమే పడియుండెను, అదియు దిద్దించితిమి. పండ్రెండు నెలలు నిండుటకింకను పందొమ్మిది దినములున్నవి.